మొండికేసిన లోయర్ ఆర్మ్ బుష్: 2005 ఫోర్డ్ ఐకాన్ మీద చేసిన పని

లోయర్ ఆర్మ్ అంటే ముందు చక్రాన్ని బండి చట్రానికి కలిపే కింది ఉక్కు చేయి. అది చట్రానికి తగిలే చోట గుండ్రటి గూట్లో ఇరికించి ఉండేది బుష్: బయట ఉక్కు తొడుగు, మధ్యలో గొట్టం, రెండింటి నడుమ రబ్బరు. బండి 2005 నాటి ఫోర్డ్ ఐకాన్, పెట్రోలుది. యజమాని లెక్కల మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ పొందారు. ఇల్లు అనంతపురంలో, పొలం తాడిపత్రి దారిలో. వారానికి రెండు మూడు సార్లు ఆ దారిన వెళ్లి వస్తారు. బండలు, సిమెంటు మోసే లారీలు రాత్రింబగళ్లు తిరిగే దారి అది. కారు మొదటి తొమ్మిదేళ్లు విశాఖపట్నంలో తిరిగి, ఆ తర్వాత ఆయన చేతికి వచ్చింది. ఈ చివరి మాటను అప్పుడు నేను పట్టించుకోలేదు. తర్వాత పట్టించుకోవలసి వచ్చింది.

ఫిర్యాదు రెండు ముక్కల్లో చెప్పారు. బ్రేకు తొక్కగానే ముందు ఎడమ చక్రం దగ్గర ‘టక్’మని ఒక్క దెబ్బ వినిపిస్తోంది. గట్టిగా తొక్కితే స్టీరింగ్ ఎడమకు లాగుతోంది.

“నాయనా, ఐదు నెలల క్రితమే అటువైపు బుష్‌లు మార్పించాను. నేను వేగంగా నడిపేవాణ్ణి కూడా కాదు. కొత్తవి ఐదు నెలలకే పోతాయా?” అని అడిగారు.

“పోకూడదు సార్. విప్పి చూసి చెబుతాను” అన్నాను.

విప్పక ముందు బండిని నేనే నడిపి చూశాను. ముందు సస్పెన్షన్‌లో వచ్చే చప్పుళ్లన్నీ వినడానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఏది ఎప్పుడు వస్తుందో పట్టుకోవాలి. చిన్న చిన్న గతుకుల మీద గలగలలాడితే స్టెబిలైజర్ లింకును అనుమానించాలి. నిలబడిన చోట స్టీరింగ్ తిప్పితే పైన గుడగుడమంటే స్ట్రట్ మౌంటును చూడాలి. ఈ బండిలో ఆ రెండూ లేవు. ఖాళీ రోడ్డు మీద మెల్లగా ముందుకు పోనిచ్చి బ్రేకు వేస్తే ఒక ‘టక్’. వెంటనే రివర్స్‌లో పోనిచ్చి బ్రేకు వేస్తే మళ్లీ అదే ‘టక్’. అంటే చక్రం ముందుకూ వెనక్కూ జరుగుతోంది. లోయర్ ఆర్మ్‌ను ఆ దిశలో పట్టి ఉంచేవి బుష్‌లే.

జాకీ మీద చక్రం ఎత్తి ఊపి చూస్తే పెద్దగా ఏమీ కనబడలేదు. ఇది చాలామంది మోసపోయే చోటు. చక్రం వేలాడుతున్నప్పుడు చిరిగిన రబ్బరు ఒక పక్కకు ఒత్తుకుని బిగుతుగానే ఉన్నట్టు నటిస్తుంది. బండిని వర్క్‌షాపు గుంత (కింద నిలబడి పనిచేసేది) మీదికి తెచ్చి, నాలుగు చక్రాల మీద బరువు ఉంచి, కుర్రవాడిని బ్రేకు మీద కాలు పెట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపమన్నాను. కింద నుంచి టార్చి వేసి చూస్తే ఎడమ ఆర్మ్ దాదాపు సగం వేలి మందం కదులుతోంది. కుడి ఆర్మ్‌లో కదలిక కంటికి ఆనలేదు. ఐదు నెలల క్రితం మార్చింది ఎడమవైపు. కుడివైపువి ఇంకా కంపెనీ బుష్‌లే.

విప్పినప్పుడు కనిపించినవి

ఐకాన్ లోయర్ ఆర్మ్‌కు చక్రం వైపు బాల్ జాయింట్ (గుండు కీలు), సబ్‌ఫ్రేమ్ (కింది చట్రం) వైపు రెండు బుష్‌లు ఉంటాయి. ముందుది చిన్నది, వెనుకది పెద్దది. ఎడమ ఆర్మ్ కిందికి దించి బల్ల మీద పెట్టగానే జవాబులో సగం కనిపించింది. ముందు బుష్‌లో రబ్బరు బయటి ఉక్కు తొడుగు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు విడిపోయి ఉంది. మిగిలిన వంతు మెలితిరిగి, చీలికలు పడి, ఒక పక్కకు లాగి పట్టుకుని ఉంది. తొడుగు అంచు మీద సుత్తి దెబ్బలు ఏడెనిమిది లెక్కపెట్టగలిగాను. దెబ్బలకు అంచు పుట్టగొడుగు గొడుగులా బయటికి విచ్చుకుంది. తొడుగు గూటిలో నిటారుగా కాక కొంచెం వాలి కూర్చుంది.

వెనుక బుష్ సంగతి వేరు. దాని రబ్బరులో రెండు పెద్ద ఖాళీలు ఉంటాయి. అవి లోపమై ఏర్పడినవి కావు, కావాలని పెట్టినవి. ఖాళీ ఉన్న వైపు బుష్ మెత్తగా ఇస్తుంది, రబ్బరు నిండుగా ఉన్న వైపు గట్టిగా నిలుస్తుంది. అందువల్ల దాన్ని ఏ దిక్కుకు తిప్పి నొక్కామన్నది చాలా ముఖ్యం. ఎడమ ఆర్మ్‌లో ఖాళీలు కుడి ఆర్మ్‌తో పోలిస్తే పావు చుట్టు తప్పి ఉన్నాయి. గట్టిగా నిలవవలసిన దిశలో మెత్తగా ఇస్తోంది. బ్రేకు తొక్కితే ఎడమ చక్రం వెనక్కి జరిగి, స్టీరింగ్ అటు లాగడానికి ఇదొక్కటి చాలు.

మాస్టారు బల్ల పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఆయనకు రెండు ఆర్మ్‌లూ పక్కపక్కన పెట్టి చూపించాను. “అయితే బుష్ నాసిరకం కాదా?” అన్నారు. ఆ బుష్ గొప్పదేమీ కాదు. కానీ ఐదు నెలల్లో చావడానికి కారణం అది కాదని నా నమ్మకం. దానికి ఇంకో రుజువు కూడా ఉంది, బిగింపు దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ఏ బుష్ వేయాలి

ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. ఐకాన్ అంతకు చాలా ముందే ఆగిపోయింది. కంపెనీ డబ్బాలో బుష్ దొరకడం ఇప్పుడు అదృష్టం మీద ఆధారపడిన పని. ఇంకో దారి మొత్తం ఆర్మ్‌నే మార్చడం. బజారులో దొరికే ఆర్మ్ ఒకటి తెప్పించి చేతిలో పట్టుకుని చూశాను. రేకు పలచగా ఉంది, గూడు చుట్టూ వెల్డింగు అతుకు సమంగా లేదు, బాల్ జాయింట్ చేత్తో తిప్పితే వదులుగా తిరిగింది. పాత ఆర్మ్ రేకు నిక్షేపంగా ఉంది, ఎక్కడా వంపు లేదు. దాన్ని పారేసి దీన్ని వేయడానికి నాకు మనసొప్పలేదు. కొత్త ఆర్మ్ తిరిగి ఇచ్చేశాను.

బెంగళూరులో ఉద్యోగం చేసే మాస్టారి అబ్బాయి ఫోను చేసి పాలీయురేథేన్ బుష్‌లు వేయమన్నాడు. అవి గట్టివి, నూనె పడినా చెడవు, సరిగ్గా వేస్తే చాలా కాలం వస్తాయి. కానీ అవి పనిచేసే తీరు వేరు. లోపలి గొట్టం మీద బుష్ జారుతూ తిరగాలి, దానికి సిలికాన్ గ్రీజు ఉండాలి. మా ప్రాంతపు దుమ్ము ఆ సందులోకి దూరితే కీచుమంటుంది, గొట్టాన్ని అరగదీస్తుంది. పైగా ప్రతి గతుకూ లోపలికి తెలుస్తుంది. డెబ్బై ఏళ్ల మనిషి పొలానికి వెళ్లి వచ్చే బండికి రబ్బరే సరైనదని చెప్పాను. ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు.

చివరికి నాలుగు రబ్బరు బుష్‌లు, రెండు వైపులకూ సరిపడా, వేరే తయారీదారువి తెప్పించాం. కుడివైపు బాగానే ఉన్నా దాన్నీ మార్చాను. ఒక పక్క ఇరవై ఏళ్ల రబ్బరు, మరో పక్క కొత్త రబ్బరు ఉంటే బ్రేకులో రెండు చక్రాలూ ఒకేలా ప్రవర్తించవు.

పాతవి తీయడం

ఎడమవైపువి తేలిగ్గా వచ్చాయి. కుడి ముందు బుష్ 20 టన్నుల ప్రెస్ కింద పెద్ద శబ్దంతో ఒక్కసారిగా కదిలి, చెక్కు చెదరకుండా బయటికి వచ్చింది. అలా మొత్తంగా వచ్చినందుకు సంతోషించాను, కంపెనీ కొలత చేతికి దొరికినట్టే. కుడి వెనుక బుష్ మాత్రం కదలలేదు. ఆర్మ్ రేకు వంగడం మొదలవుతుందని అనిపించిన చోట ప్రెస్ ఆపేశాను.

ఇక్కడే విశాఖపట్నం గుర్తొచ్చింది. అనంతపురం గాలిలో ఇనుము అంత త్వరగా తుప్పు పట్టదు. వాన తక్కువ, గాలి పొడి. మా దగ్గరే పుట్టి పెరిగిన బండి అయితే ఇరవై ఏళ్లకు కూడా గూడు నల్లగా శుభ్రంగా ఉంటుంది. సముద్రపు గాలిలో తొమ్మిదేళ్లు తిరిగిన బండి సంగతి వేరు. ఉప్పు తేమ తొడుగుకూ గూటికీ మధ్య సందులోకి చేరి తుప్పు పుట్టిస్తుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి రెండింటినీ మరింత బిగిస్తుంది. పెట్రోమాక్స్ దీపాల రోజుల్లో నేర్చుకున్న మా పాత మేస్త్రి ఏ బండి వచ్చినా ముందు ‘ఏ ఊరు తిరిగింది’ అని అడిగేవాడు. ఎందుకు అడిగేవాడో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

దాన్ని తీసిన పద్ధతి ఇది. రబ్బరు చుట్టూ చిన్న డ్రిల్లుతో వరుసగా రంధ్రాలు వేసి, మధ్య గొట్టాన్ని, రబ్బరును బయటికి లాగేశాం. మిగిలింది పలచని ఉక్కు తొడుగు. హ్యాక్సా ఫ్రేములోంచి బ్లేడు ఊడదీసి, గూటిలోంచి దూర్చి మళ్లీ బిగించి, తొడుగును లోపలి నుంచి పొడవునా కోశాం. తొడుగు మందం పూర్తిగా తెగే కొద్దీ చేయి నెమ్మదించాలి. బ్లేడు గూటి గోడను తాకితే గాటు పడుతుంది. ఆ గాటు తర్వాత పగులుకు మొదలవుతుంది. తొడుగు మందంలో వెంట్రుక మందం మిగిలినప్పుడు ఆపి, సన్నని ఉలితో కోత దగ్గర లోపలికి మడిచాను. బిగువు వదిలి, తొడుగు చేత్తోనే బయటికి వచ్చింది. గ్యాసు మంట పెట్టి రబ్బరును కాల్చేసే పద్ధతి చాలా చోట్ల ఉంది. నేనూ ఒకప్పుడు చేశాను. ఆ నల్లటి పొగ మనిషికి మంచిది కాదు, ఆ వేడి ఆర్మ్ చివరనున్న బాల్ జాయింట్ గ్రీజుకూ దాని రబ్బరు టోపీకీ మంచిది కాదు.

గూళ్లు నాలుగూ ఎమరీ కాగితంతో శుభ్రం చేశాం. ఎడమ ముందు గూటిలో, వాలి దిగిన పాత తొడుగు గీసిన గాడి ఒకటి వేలికి తగిలింది. అంచున లేచిన మొనను అర్ధచంద్రాకారపు ఆకురాయితో రెండు మూడు సార్లు మాత్రమే రాసి దించాను.

మొండికేసిన బుష్

వెనుక బుష్‌లు రెండూ సాఫీగా కూర్చున్నాయి. ముందు బుష్ కుడి ఆర్మ్‌లో పెట్టి ప్రెస్ దించాను. మొదటి మూడు నాలుగు మిల్లీమీటర్లు దిగి నిలిచిపోయింది. పిడి మరో రెండు సార్లు కొట్టాను. ప్రెస్ ఫ్రేము మూలిగింది, బుష్ కదలలేదు. వంగి చూస్తే తొడుగు అంచు దగ్గర తళతళలాడే సన్నని తీగ ఒకటి చుట్టలు తిరుగుతూ బయటికి వస్తోంది. పట్టకారుతో లాగి అరచేతిలో వేసుకున్నాను. వెంట్రుకలా సన్నగా, వేలెడు పొడవున ఉన్న ఉక్కు తునక. గూడు అంచు ఉలిలా మారి బుష్ తొడుగును చెక్కేస్తోంది. అక్కడికక్కడ ప్రెస్ వదిలేసి, బుష్‌ను వెనక్కి తోసి తీశాను.

“అన్నా, గ్రీజు పూసి దించుదామా?” అన్నాడు కుర్రవాడు.

ప్రతి వర్క్‌షాపులో మొదట వచ్చే మాట ఇదే. గ్రీజు పూస్తే దిగవచ్చు. కానీ ఆ తొడుగు గూటిలో నిలబడేది రాపిడితోనే. సందులో గ్రీజు మిగిలితే నెలల తరబడి బ్రేకు దెబ్బలకు బుష్ పక్కకు పాకడానికి దారి ఇచ్చినట్టు. పైగా పెట్రోలియం గ్రీజు రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. అసలు మొండికేసింది ఎందుకో తెలియకుండా జారుడు పెంచడం నాకు ఇష్టం లేదు.

మాస్టారు మాత్రం ఐస్‌లో పెడితే కుంచించుకుపోతుంది కదా అన్నారు. అదీ అందరూ చెప్పే కిటుకే. లెక్క వేసి చూద్దాం సార్ అన్నాను. ఆయన జేబులోంచి కలం తీసి, బుష్ వచ్చిన అట్టపెట్టె మీదే వేశారు. ఉక్కు ఒక డిగ్రీకి పది లక్షల భాగాల్లో దాదాపు 12 భాగాలు పెరుగుతుంది, తగ్గుతుంది. తొడుగు అడ్డకొలత సుమారు 30 మిల్లీమీటర్లు అనుకుందాం. మధ్యాహ్నం షెడ్డులో 38 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 12 అనుకుంటే తేడా 50. 30, 12, 50 గుణించి పది లక్షలతో భాగిస్తే 0.018 మిల్లీమీటర్లు. కాగితం మందంలో నాలుగో వంతు కూడా లేదు. అది కూడా ఫ్రీజర్ నుంచి తీసి ప్రెస్ దగ్గరికి తెచ్చేలోపు కొంత పోతుంది. ఆయన ఆ అంకె కింద రెండు గీతలు గీసి, “అయితే అసలు ఎంత ఎక్కువ ఉందో కొలవలేదు కదా మనం” అన్నారు.

నిజమే. నేను అప్పటికి కొలవలేదు. వెనుక బుష్‌లు సాఫీగా దిగడంతో ముందువీ దిగుతాయనుకున్నాను. ఈ కేసులో నా తప్పు అదే. ఒక బుష్ పాడవకుండా బయటపడింది కాబట్టి సరిపోయింది.

మైక్రోమీటర్ తీసి తొడుగు చుట్టూ నాలుగు చోట్ల, పొడవులో రెండు చోట్ల కొలిచాను. గూటిని రెండు దిక్కుల్లో కొలిచాను. కంపెనీ బుష్ గూటి కంటే 0.13 మిల్లీమీటర్లు పెద్దది. ఇది నేను తీసిన పాత బుష్ మీద, ఈ ఆర్మ్ గూటి మీద దొరికిన తేడా, వేరే బండికి దీన్నే పట్టుకోవద్దు. కొత్త ముందు బుష్‌లలో ఒకటి గూటి కంటే 0.41, రెండోది 0.38 పెద్దవి. అంటే ఉండవలసిన బిగుతుకు మూడింతలు. వెనుక బుష్‌లను పోల్చడానికి కంపెనీది చెక్కుచెదరకుండా మిగల్లేదు కానీ అవి దిగిన తీరు చూస్తే కొలత సరిగ్గానే ఉండి ఉండాలి. ఇంకో తేడా కూడా కనిపించింది. కంపెనీ బుష్ తొడుగు మొదట్లో అంచు కొద్దిగా లోపలికి వాలి ఉంది, గూటిలో తనంతట తాను నిటారుగా నిలబడటానికి. కొత్తదానికి ఆ వాలు లేదు, గొట్టాన్ని అడ్డంగా కోసినట్టు పదునైన అంచు.

0.41 బిగుతుతో కూడా 20 టన్నుల ప్రెస్ దాన్ని దించేస్తుంది, ఆ సంగతి నాకు తెలుసు. అలా దించితే మూడింట్లో ఏదో ఒకటి జరుగుతుంది: తొడుగు లోపలికి నలిగి రబ్బరును నొక్కి దాని అతుకును బలహీనపరుస్తుంది, లేదా గూడు వెల్డింగు దగ్గర విచ్చుకుంటుంది, లేదా తొడుగు వాలి దిగుతుంది. ఐదు నెలల క్రితం ఎడమవైపు జరిగింది మూడోది.

గూటిని తొలిచి పెద్దది చేయమని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. అది నేను ఎప్పటికీ చేయను. బుష్ పోతే ఇంకో బుష్ వస్తుంది. గూడు పెద్దదైతే ఆ ఆర్మ్‌కు ఇక ఏ బుష్షూ నిలవదు.

లేత్ మేస్త్రి

మిగిలిన దారి తొడుగును తగ్గించడం. మా ఊళ్లో లేత్‌లకు కొదవ లేదు. నేల కింద నీళ్లు ఎంత లోతుకు పోతే బోరు మోటార్ల మరమ్మతు అంత పెరుగుతుంది, షాఫ్టులు, బుష్‌లు చేసే మేస్త్రులు అంత మంది ఉంటారు. వారిలో నేను నమ్మే పెద్దాయన దగ్గరికి రెండు బుష్‌లూ తీసుకెళ్లాను. ఆయన దాన్ని వేళ్ల మధ్య తిప్పి, “మధ్య గొట్టం పట్టుకుని తిప్పితే రబ్బరు ఊగుతుందప్పా. పనిముట్టు తగలగానే తొడుగు వణుకుతుంది. గుండ్రంగా రాదు” అన్నాడు.

ఇది అక్షరాలా నిజం. ఈ పని తెలియని లేత్‌లో ఇచ్చినవాళ్లకు బుష్ అలలు అలలుగా తిరిగి వస్తుంది. ఆయన చేసింది వేరు. ఇనుప పలక ముక్కలతో రెండు బిళ్లలు చేశాడు. ఒక్కో బిళ్ల తొడుగు చివర ఉక్కు అంచును మాత్రమే పట్టుకునేలా మెట్టు తీశాడు, రబ్బరును తాకదు. రెండు బిళ్లల మధ్య బుష్‌ను పెట్టి, మధ్యలోంచి పొడవాటి బోల్టు వేసి బిగించాడు. ఇప్పుడు తొడుగు తనకు తాను గట్టిగా నిలబడింది. దాన్ని లేత్ రెండు మొనల మధ్య పట్టి, వంకర చూపే డయల్ గేజు పెట్టి చుట్టూ తిప్పి చూసి, అప్పుడు పనిముట్టు తగిలించాడు. ఒక్కో కోత మహా పలచనిది. రెండు కోతలకు మధ్య చేయి పెట్టి వేడి చూస్తూ వచ్చాడు. వేడెక్కితే రబ్బరు తొడుగును వదిలేస్తుంది. తొడుగు మందం ముందే కొలిచి చూశాను, తీయబోయేది ఒక్కో పక్క 0.14 మిల్లీమీటర్ల లోపే, బలానికి లోటు రాదు. చివరగా ఒక చివర మూడు మిల్లీమీటర్ల పొడవున సన్నని వాలు తీసి, నూనె రాసిన ఎమరీ కాగితంతో ఒక్కసారి రుద్ది ఇచ్చాడు. రెండు బుష్‌లకు గంటన్నర పట్టింది. మళ్లీ కొలిస్తే ఒకటి 0.14, ఇంకొకటి 0.13 బిగుతు వచ్చింది. ఆయన తీసుకున్నది 400 రూపాయలు. ఆ పనికి అది తక్కువ.

నొక్కడం, బిగించడం

ఆర్మ్ గూటి కింద సరిగ్గా గూడు గోడకు ఆనే గొట్టం ముక్క పెట్టాను, ఆర్మ్ రేకు మీద బరువు పడకుండా. పై నుంచి నొక్కే గిన్నె తొడుగు అంచును మాత్రమే తాకాలి. మధ్య గొట్టాన్ని నొక్కితే బలమంతా రబ్బరు మీదుగా పోతుంది, బుష్ కూర్చోక ముందే చిరుగుతుంది. తొడుగుకు సబ్బు నీళ్లు పలచగా రాశాను. సబ్బు నీరు ఆరిపోతుంది, జారుడు మిగలదు. వాలు తీసిన చివర గూటిలో తనే నిటారుగా నిలిచింది. ప్రెస్ పిడి కింద చేతికి తెలిసే బిగువు మొదటి నుంచి చివరి వరకు ఒకేలా ఉంది. ఎక్కడా గెంతలేదు, ఎక్కడా వదల్లేదు. పూర్తిగా దిగాక తొడుగు మీద నుంచి గూడు మీదికి తెల్ల రంగుతో ఒక గీత గీశాను. వెనుక బుష్‌ల మీద కూడా గీశాను. ఖాళీల దిక్కును కుడి ఆర్మ్ విప్పక ముందే రంగుతో గుర్తు పెట్టి, ఫోనులో ఫోటో తీసి ఉంచుకున్నాం. కొత్త వెనుక బుష్ మీద బాణం గుర్తేమీ లేదు. ఆ ఫోటో లేకపోతే ఊహ మీద పెట్టవలసి వచ్చేది. ఎడమ ఆర్మ్ కుడిదానికి అద్దంలో ప్రతిబింబం, దాన్ని మరిచిపోకుండా పెట్టాలి.

ఇప్పుడు పైన చెబుతానన్న రుజువు. ఈ రకం ముందు బుష్‌లో లోపలి గొట్టాన్ని బోల్టు సబ్‌ఫ్రేమ్‌కు బిగించేస్తుంది, అది తిరగదు. బయటి తొడుగు గూటిలో ఇరుక్కుంటుంది, అదీ తిరగదు. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు మెలితిరిగేది మధ్యలో రబ్బరు ఒక్కటే. బోల్టు బిగించే క్షణాన ఆర్మ్ ఏ కోణంలో ఉందో, రబ్బరుకు అదే విశ్రాంతి స్థానం. జాకీ మీద చక్రం వేలాడుతుండగా బిగిస్తే బండి నేల మీదికి దిగిన వెంటనే రబ్బరు మెలితిరుగుతుంది, రాత్రి పార్కింగులో నిలబడి ఉన్నా మెలితిరిగే ఉంటుంది. ఆర్మ్ పొడవు 35 సెంటీమీటర్లు, చక్రం 8 సెంటీమీటర్లు వేలాడింది అనుకుంటే ఆ మెలిక దాదాపు 13 డిగ్రీలు. దాని మీద గతుకు పడితే ఇంకా పెరుగుతుంది. ఎడమ పాత బుష్‌ను బల్ల మీద పెట్టినప్పుడు మధ్య గొట్టం తొడుగుతో పోలిస్తే తిరిగే ఉంది, మిగిలిన రబ్బరు అదే దిక్కుకు చీలి ఉంది. దాన్ని వేలాడుతుండగా బిగించారు. బుష్ ఎంత మంచిదైనా అలా బిగిస్తే బతకదు.

అందుకని మేం బోల్టులన్నీ చేతి బిగువు వరకే పెట్టి, చక్రాలు వేసి, బండిని గుంత మీద నాలుగు చక్రాల బరువుతో నిలబెట్టాం. ముందు బంపర్ మీద చేతులు వేసి ఐదారు సార్లు నొక్కి వదిలాం, స్ప్రింగులు తమ స్థానానికి వచ్చేలా. మాస్టారిని డ్రైవరు సీట్లో కూర్చోమన్నాను, ఎప్పుడూ ఆయన ఒక్కరే నడుపుతారు కాబట్టి. అప్పుడు కింద నుంచి టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన బిగువుకు బిగించాను. తాళం వేసే నట్లు పాతవి మళ్లీ వాడలేదు, కొత్తవి వేశాం. గుంత లేని వర్క్‌షాపులో నాలుగు చక్రాల కింద ఒకే ఎత్తు చెక్క దిమ్మలు పెట్టి కూడా ఇది చేయవచ్చు. కష్టం అనిపిస్తుంది కానీ ఈ పదిహేను నిమిషాలు తప్పించుకుంటే మిగిలిన పనంతా వృథా.

వీల్ అలైన్‌మెంట్ మర్నాడు చేయించాం. ముందు చక్రాల టో, అంటే అవి లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, బాగా తప్పి ఉంది. ఆర్మ్ అంత కదిలిన బండిలో అది మామూలే.

బండి అప్పగించాక నేను పక్కన కూర్చుని మాస్టారితో నడిపించాను. బైపాస్ మీద ఖాళీగా ఉన్న చోట గట్టిగా బ్రేకు వేయమన్నాను. స్టీరింగ్ మీద వేళ్లు ఆనించి వదిలేయమన్నాను. తిన్నగా ఆగింది. ఆయన ఏమీ అనలేదు, మళ్లీ ఒకసారి వేగం పెంచి, మళ్లీ బ్రేకు వేశారు. పక్కనుంచి పెనుకొండ వైపు నుంచి కొత్త కార్లు ఎక్కించుకున్న లారీ ఒకటి పోయింది. ఆయన దాని వైపు చూడలేదు. రివర్స్ వేసి, మూడోసారి బ్రేకు వేసి చెవి ఒగ్గి విన్నారు. ‘టక్’ లేదు.

మూడు నెలల తర్వాత, 2,600 కిలోమీటర్లు తిరిగాక బండి మళ్లీ గుంత మీదికి వచ్చింది. ఎండలు బాగా ముదిరిన రోజులు. నాలుగు బుష్‌ల మీద తెల్ల గీతలు తొడుగు నుంచి గూటి మీదికి విరగకుండా ఉన్నాయి. బుష్ ఏదీ తిరగలేదు, పక్కకు పాకలేదు. ముందు బుష్‌ల రబ్బరు అంచున వేలు పెట్టి చుట్టూ రాశాను, చీలిక తగల్లేదు. బరువు మీద ఆర్మ్ కదలిక చూశాం, రెండు వైపులా ఒకేలా ఉంది. ఎడమ బాల్ జాయింట్ రబ్బరు టోపీ మీద మాత్రం సన్నని పగులు ఒకటి మొదలైంది. దాన్ని వచ్చే నెల మారుద్దామని రాసి, కొత్తది ముందే తెప్పించి కొలిచి పెట్టాను.